పడవాయన పేజీ

అధ్యక్షస్థానంలో కూర్చుని ఇందాకటి నుంచి ఫోన్ చూసుకుంటున్న పెద్దమనిషికీ, వేదిక మీది పెద్దలకూ, వెనక వరుసలో ఉన్న నా అసలు శ్రోతలకూ నమస్కారం. (నవ్వులు)

చూపు లేనివాళ్లకు పుస్తకాలు చదివి వినిపించే మన గదిని ఇన్నేళ్లు చూసుకున్నందుకు నన్ను ఆకాశానికెత్తారు. రేపటి నుంచి ఆ గది అక్కర్లేదు కాబట్టే ఇంత పొగిడారని నా అనుమానం. ఇకమీదట తీరికలేనివాళ్లు ఎక్కడివాళ్లక్కడే తలా ఒక పేజీ ఫోన్‌లో చదివి పంపితే, యాప్ అన్నీ అతికించి పుస్తకం చేస్తుందట. సేవ జేబులోకే వచ్చేసిందన్నారు కార్యదర్శి బాబు. జేబులోకి వెళ్లినవి మళ్లీ బయటికి రావడం ఈ సంస్థలో నేను పెద్దగా చూడలేదు, అధ్యక్షులవారు మరోలా అనుకోకూడదు. (నవ్వులు)

మా కోడలూ బస్సులో చదువుతుంది. బాగానే చదువుతుంది, కాదనను.

అయితే మన గదిలో ఇన్నేళ్లూ నా చదువు విన్న, టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన అక్కయ్య, అదిగో ఆ చివరి కుర్చీలో ఉన్నారు, మొన్న యాప్‌లో ఒక నవల మొత్తం విని నాకు ఫోన్ చేశారు.

"పడవాయన వస్తానని చెప్పి వెళ్లాడు కదా మాష్టారూ, ఆఖరిదాకా రాలేదేం? నేను ఎదురుచూస్తూనే ఉన్నాను" అన్నారు.

ఆయన సంగతి ఉన్న పేజీ అందులో లేదు. ఏముందో ఇక్కడ చెప్పను, అక్కయ్య వింటున్నారు. కార్యదర్శి బాబును అడిగితే, ఎవరో తెరిచారండీ, తెరిస్తే చదివినట్టే లెక్క అన్నారు. తెరిచినవాళ్లకు మెచ్చుకోలుగా ఒక నక్షత్రం కూడా వెళ్లిందట. వాళ్లకు ట్రాఫిక్‌లో పచ్చలైటు పడిందో, ఆ పేజీ చూసి మనసొప్పలేదో నాకు తెలియదు. ఎదురుగా అక్కయ్య కూర్చుని ఉంటే మాత్రం తప్పించుకోవడం కుదిరేది కాదు. మధ్యలో ఆగినా, మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అక్కయ్య ఆ గ్లాసు చప్పుడు విని, నిదానంగా కానివ్వండి మాష్టారూ అంటారు. యాప్‌కు ఆ మాట అనడం ఎవరు నేర్పిస్తారో చూడాలి.

ఫోన్‌లో ఆవిడకు నేను జవాబు చెప్పలేదు. అది చెప్పే సంగతి కాదు, చదివే పేజీ.

నాకు కానుకగా ఇచ్చిన కొత్త ఫోన్‌కు ధన్యవాదాలు. గది తాళంచెవి వెంటనే అప్పగించమని ఇప్పుడే చీటీ అందించారు. ఇస్తాను, దాచుకుని ఏం చేసుకుంటాను? కాకపోతే ముందు అక్కయ్యా నేనూ ఆ గదిలో కాసేపు కూర్చోవాలి. పుస్తకం తెచ్చాను. అక్కయ్యా, పదండి.

మీరంతా తీరికలేనివాళ్లు, మా కోసం ఆగనక్కర్లేదు. సెలవు.