డిక్కీలో ఉండిపోయిన మోకు

ఏవిట్రా మహీ, ఆ పెట్టె అంత జాగ్రత్తగా మోసుకొస్తున్నావు, అందులో పెళ్ళివారి లడ్డూలేమైనా ఉన్నాయా? ఆగాగు, ఇటు పక్కనుంచి రా, ఫీజోవాలు తొక్కుతావు. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, ఈ చెట్టు నన్ను బతకనివ్వదు. పొద్దున్న ఏరితే సాయంత్రానికి మళ్ళీ లాన్ నిండా కాయలే. అదుగో ఆ సంచీడు మీ అత్తకోసం ఏరి పెట్టాను, వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళు, పచ్చడి చేస్తుంది. మా ఆవిడ శాండ్రింగమ్ వెళ్ళింది కూరగాయలకి. కాఫీ నేనే పెట్టాలి, తాగడం నీ ఖర్మ. ఊఁ, విప్పు, చూద్దాం. ఓహో! చెట్టుకి తగిలించుకునే కుర్చీ. ట్రీ స్టాండ్. అయితే నువ్వూ మొదలెట్టావన్నమాట జింకల వేట. లైసెన్సు వచ్చిందా? మంచిది. ఎంతుంటుంది బరువు? అయిదు కిలోలు కూడా లేదా? ఇటివ్వు. అబ్బో, నిజంగానే తేలిగ్గా ఉందిరా, మా మనవరాలి స్కూలు బ్యాగే బరువు దీనికన్నా. మీ మధు మావయ్య చూసుంటే దీన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక పూటంతా తిప్పి తిప్పి చూసేవాడు. ఇదేవిటి, ఈ కవరు విప్పనేలేదు? హార్నెస్ కదూ ఇది, పడిపోకుండా నడుముకీ తొడలకీ కట్టుకుని చెట్టుకి తగిలించుకునేది? ఏం? ఎవరూ కట్టుకోరా? ఫ్రెండ్స్ నవ్వుతారా? ఊఁ. నవ్వుతారు. అయితే కూర్చో. నీ ప్రయాణం రేపు కదా, బోలెడు టైముంది. నేను చెప్పేది విన్నాక కట్టుకుంటావో మానతావో నీ ఇష్టం.

నీకాయన సరిగ్గా గుర్తుండడులే. నువ్వు చదువుకోడానికి ఈ దేశం వచ్చేసరికే ఆయన పోయి ఆరేడేళ్ళయింది. మీ అత్త హాల్లో పెట్టిన ఫోటోలో కోటేసుకుని బిగుసుకుపోయి ఉంటాడే, అది మధు కాదు. మధుసూదనరావంటే చేతుల్నిండా అల్యూమినియం రజను, చెవి మీద పెన్సిలు, నోట్లో ఈల. పెన్‌రోజ్‌లో బోట్లు చేసే షెడ్డులో వెల్డింగు చేసేవాడు. నేను సర్వే ఆఫీసులో మ్యాపులు గీసేవాణ్ణి. ఈ వీధి చివర, ఇప్పుడు ఆ కొత్త ఇళ్ళు కట్టారే, అక్కడో చెక్క ఇల్లుండేది. అందులో రెండు గదుల ఫ్లాట్‌లో మా రెండు కుటుంబాలూ ఏడాదిన్నర కలిసున్నాం. ఒకటే వంటిల్లు. మీ అత్త చేపల పులుసు పెడితే మా ఆవిడ కిటికీలు తెరిచేది. మా ఆవిడ ఇంగువ వేస్తే మీ అత్త తెరిచేది. చలికాలంలో ఆ ఇల్లు వెచ్చబడ్డ పాపాన పోలేదు. నవ్వకు, తుమ్ములతో చచ్చాం. అయినా ఆ ఏడాదిన్నరలో నవ్వినట్టు నేను మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదురా. తర్వాత వాళ్ళు మనురేవాలో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. మేం ఇక్కడే ఉండిపోయాం.

ఎక్కడున్నాను? ఆఁ, వేట. గ్రాహం అని ఒకాయన బోటు బాగు చేయించుకోడానికి షెడ్డుకొచ్చేవాడు. కైపరా వైపు పెద్ద ఫారమ్. జింకలొచ్చి గడ్డంతా మేసేస్తున్నాయి, కాల్చుకుంటానంటే రమ్మన్నాడు. ఫాలో జింకలంటారు, మచ్చలుంటాయి, మహా గడుసువి. నేలమీద మనిషి కదిలితే ఇట్టే పసిగట్టేస్తాయి. మీ మావయ్య రెండు వారాలు వట్టి చేతుల్తో తిరిగొచ్చి, మూడో వారం, "పట్టాభిగారండీ, కింద కాదండీ, పైన కూర్చోవాలండీ" అన్నాడు. అని షెడ్డులో మిగిలిన ముక్కలతో తనే ఒక స్టాండు చేశాడు. కూర్చోడానికి బెత్తెడు చెక్క, కాళ్ళు పెట్టుకోడానికి జల్లెడ లాంటి పళ్ళెం, చెట్టుకి బిగించడానికి పట్టీ. మా బాత్‌రూమ్‌లో బరువు చూసుకునే మిషను తెచ్చి దాని మీద పెట్టడం, ఆరు కిలోలుంటే మళ్ళీ పట్టుకెళ్ళి ఎక్కడో నాలుగు కన్నాలు పొడవడం, మళ్ళీ తూచడం. ఒక నెల ఇదే గొడవ. "ఇంకెందుకయ్యా చెక్కుతావు, మాయమైపోతుంది" అనేవాణ్ణి. "మోయడానికి తేలిగ్గా ఉండాలండీ. కానీ నేనూ, తుపాకీ, తడిసిన కోటూ, సంచీ, అన్నీ కలిపి దాని మీద ఎక్కితే కిక్కురుమనకూడదు" అనేవాడు. మా ఇద్దరి బరువూ ఒకేసారి వేసి చూశాడు తెలుసా? గ్యారేజీలో దూలానికి బిగించి, నన్నూ ఎక్కించి, తనూ ఎక్కి, గెంతాడు. మీ అత్త వచ్చి, "ఇద్దరికీ మతులు పోయాయి" అంది. నువ్వు కొనేటప్పుడు ఇవేమైనా చూశావా, వట్టి బరువు ఒక్కటే చూశావా? పట్టీ కుట్టు చూశావా? ఏదీ, బానే ఉంది. చెట్టు కూడా చూసుకోవాలి, పచ్చిగా ఉండాలి, నిటారుగా ఉండాలి, బెరడు ఊడిపోయే చెట్టు పనికిరాదు. తుపాకీ వీపున వేసుకుని ఎక్కకూడదు. తూటాలు తీసేసి కింద పెట్టి, పైకెక్కాక తాడుతో లాక్కోవాలి. ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను తుపాకీ ముట్టలేదు గానీ ప్రతిసారీ వెంట వెళ్ళేవాణ్ణి. ఫ్లాస్కూ పులిహోరా నావి. కింద పొదల దగ్గర కూర్చుని, మంచులో పైన్ చెట్ల వాసన పీలుస్తూ, టూయీ పిట్ట అరుపులు వింటూ ఉండేవాణ్ణి. నాకదే వేట.

అసలు సంగతి మోకు. తెలుసా నీకు మోకంటే? మీ వాళ్ళింట్లో చూసుండాలే. కాదులే, మీ నాన్న ఉద్యోగస్థుడు, నువ్వు హైదరాబాదులో పెరిగినవాడివి. చెట్టునీ మనిషి నడుమునీ కలిపి చుట్టే తాడు. దానికి వీపు ఆనించి తాడిచెట్టెక్కుతారు కల్లు గీసేవాళ్ళు. మీ మావయ్య నాన్నా, తాతా అమలాపురం దగ్గర అదే పని. రోజుకి ముప్ఫయ్యేసి చెట్లు ఎక్కి దిగేవారట. మధుకి కూడా పద్నాలుగేళ్ళకే నేర్పారు. నాన్న పోయాక ఆ మోకు ఈయన దగ్గరుంచుకున్నాడు. నార తాడు, అతుకు దగ్గర తోలు చుట్టింది. ఇక్కడ ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు ఆ తాడు చూసి పట్టుకున్నారు. మామిడికాయ పచ్చడి వదిలేశారు గానీ తాడుని వదల్లేదు! దానికేదో మందు కొట్టి వారం తర్వాత ఇచ్చారు. ఇంత పెద్ద గొడవ చేసి తెచ్చుకున్నవాడు ఊరికే ఉంటాడా? స్టాండు ఎంత గట్టిగా బిగించనీ, నేలమీద నుంచే మోకు చుట్టుకునేవాడు. మూడుసార్లు వెనక్కి గుంజి చూసేవాడు. ఒకటి, రెండు, మూడు. అప్పుడే కాలు పైకి పెట్టేది. మళ్ళీ దిగి నేలమీద నిలబడేదాకా విప్పేవాడు కాదు. "స్టాండు కూర్చోడానికండీ. పట్టుకునేది ఇది" అనేవాడు.

ఊఁ. కాఫీ చల్లారిపోతోంది, తాగు. చక్కెర ఎక్కువైందా? నాకు తెలుసు. సరే విను. రెండు వేల నాలుగో సంవత్సరం, ఇలాగే ఏప్రిల్, ఇక్కడ చలి మొదలయ్యే రోజులు. తెల్లారుతుండగా గ్రాహం ఫారమ్‌కి చేరాం, నా కార్లోనే. ఆ రోజు గ్రాహం చుట్టాలు ఇద్దరు కూడా వచ్చారు, మంచి జాకెట్లూ, ఖరీదైన బూట్లూ. నేనేమో కొత్తగా సీనియర్ అయ్యాను ఆఫీసులో, ఆ వచ్చినవాళ్ళలో ఒకాయన కౌన్సిల్‌లో పెద్ద ఉద్యోగస్థుడని తెలిసింది. నాకప్పుడు అదో పిచ్చి, ఎవరు మనల్ని ఏమనుకుంటున్నారో అని. మీ మావయ్య డిక్కీ తెరిచి మోకు తీసి భుజాన వేసుకున్నాడు. గ్రాహం చూసి, "వాట్స్ దట్, మధూ?" అన్నాడు. మీ మావయ్య మొహం వెలిగిపోయింది. "మై ఫాదర్..." అని మొదలెట్టాడు. నేను అడ్డంపడ్డాను. తెలుగులో అన్నాను. "అది డిక్కీలో పడేయవయ్యా మధూ. తాడిచెట్లెక్కేవాళ్ళలాగ ఏవిటది, నలుగురి ముందూ" అన్నాను. ఎవరితో అన్నాను ఆ మాట? తాడిచెట్టెక్కి పిల్లల్ని పెంచినాయన కొడుకుతో. ఒక్క క్షణం నా వైపు చూశాడు. కోపం లేదురా. కోపమొచ్చి నాలుగు తిట్టినా బాగుండేది. "సరేనండి" అన్నాడు. మోకు చుట్టచుట్టి డిక్కీలో పెట్టి, చప్పుడు కాకుండా మూత వేశాడు.

ఆ వేళ మంచు బాగా కురిసింది. చెట్టుకి కొట్టిన మెట్ల మీంచి స్టాండు మీదకి కాలు మార్చేటప్పుడే ఎవరికైనా ప్రమాదం, గుర్తుపెట్టుకో. నేను కిందే ఉన్నాను, ఫ్లాస్కు మూత తీస్తున్నాను. తడి బెరడు మీద పట్టీ జారింది. ఎంత? నా అరచెయ్యంత. మోకుంటే అలా వెనక్కి వాలి నిలబడేవాడు, నవ్వేవాడు కూడా. ఇద్దరు మనుషుల ఎత్తు నుంచి పడ్డాడు, వేర్ల మీద, పక్కకి. కేక కూడా వెయ్యలేదు. హెలికాప్టర్ వచ్చింది. తుంటి, వెన్నుపూసలు రెండు. హాస్పిటల్ బయట బల్ల మీద గ్రాహం నా పక్కన కూర్చున్నాడు, టోపీ నలుపుతూ. "ఆ తాడు ఎలా కడతారో చూపించమని అడుగుదామనుకున్నాను ఇవాళ" అన్నాడు. ఎగతాళి చెయ్యలేదురా ఆయన. ఎవరూ చెయ్యలేదు. ఆ నవ్వు నా బుర్రలోదే.

ప్రాణం దక్కింది, నిజమే. ఎనిమిదేళ్ళు బతికాడు, గుండె ఆగి పోయాడు, చెట్టు వల్ల కాదు. కానీ ఆ తర్వాత మళ్ళీ ఈల వెయ్యలేదు. షెడ్డు పని మానేశాడు. వాకర్ పట్టుకుని వరండా దాకా వచ్చి, ఎదురింటివాళ్ళ చెట్లు చూస్తూ కూర్చునేవాడు. నేను ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. మీ అత్త కాఫీ తెస్తూ, ఏ ఆదివారం మానకుండా ఆయనతో ఒకటే మాట: "మీ నాన్న చేతి మోకది. ఇన్నేళ్ళు మర్చిపోనివాడివి ఆ ఒక్కరోజు ఎలా మర్చిపోయావు? మా బతుకులు గుర్తు రాలేదా నీకు?" ఆయన టీవీ వైపు చూస్తూ, "మర్చిపోయాను రత్నం" అనేవాడు. ఎనిమిదేళ్ళు. "మర్చిపోయాను రత్నం, తొందరలో కార్లో ఉండిపోయింది." నా వైపు చూసేవాడు కాదు. చూస్తే నేనెక్కడ బయటపడతానో అని. నేను కాఫీ తాగేవాణ్ణి. బిస్కెట్లు కూడా తినేవాణ్ణిరా మహీ. ఒకసారి ఆవిడ వంటింట్లో ఉండగా, "చెప్పేస్తాను మధూ" అన్నాను. "వద్దండీ. మీరిద్దరూ మాట్లాడుకోకపోతే ఇక మా ఇంటికి వచ్చేదెవరు?" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఊరుకున్నాను. ఆయన కోసమని నాకు నేను చెప్పుకున్నాను గానీ, భయం. వట్టి భయం. ఆయన పోయిన రోజు కూడా ఆవిడ ఏడుస్తూ అదే అంది, ఎలా మర్చిపోయాడో అని. అప్పుడైనా నోరు పెగల్లేదు.

నిన్ననే కదూ ఆవిడ నీతో అంది, "మీ మావయ్య సామానేదైనా ఉంటే పట్టాభిగారింట్లోనే ఉంటుంది, వెళ్ళి అడుగు" అని? ఉంది. ఆ బీరువా మీద, గోనెసంచీలో. దించు. నువ్వే దించు, నాకందదు. ఇదే. అది నా కళ్ళబడకూడదు, పారెయ్యండి అంది మీ అత్త అప్పట్లో. నావల్ల కాలేదు. తోలు ఎండిపోయింది చూడు, ఏడాదికోసారి నూనె రాస్తాను. ఒరే, దీంతో ఎక్కుతానంటావేమో, తంతాను. ముసలిదైపోయింది, మనిషిని మొయ్యదు. దీన్ని మీ అత్తకివ్వాలి. నువ్వు కట్టుకోవాల్సింది ఆ కవర్లోది.

చింపు. ఇప్పుడే, నా ఎదురుగానే. కాళ్ళు దూర్చు. అలా కాదు, మెలిక పడింది. ఆ బకిల్ నొక్కు. ఇంకా బిగించు, వేలు పట్టేంత ఉంటే చాలు. నవ్వితే నవ్వనీ నీ ఫ్రెండ్స్‌ని. ఇటు తిరుగు, నిలదొక్కుకో. వెనక నుంచి గుంజుతాను. ఒకటి. రెండు. మూడు. ఊఁ.

మీ అత్త ఇప్పుడు ఇంట్లోనే ఉందా? వద్దు, నువ్వేం చెప్పకు. నీది కాదు ఆ మాట. ఆ ఫీజోవాల సంచీ, ఆ మోకూ ఇటివ్వు, నేనే పట్టుకెళ్తాను.