మధుపర్కాల మీద గొడుగు

ఆషాఢ మాసం, మధ్యాహ్నం. కంకిపాడుకి ఆనుకుని ఉన్న ఊళ్లో నేతపని వెంకటప్పయ్య తాటాకిల్లు. వాన అప్పుడే వెలిసింది. మగ్గం గుంటలో వెంకటప్పయ్య, పక్కన గొడుగు పట్టుకుని అతని భార్య రాఘవమ్మ. నూలిచ్చి నేయించుకునే షావుకారు భావనారాయణ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"అక్కడ నిలబడకండి అన్నయ్యగారూ, నెత్తిన పడుతుంది."

"ఏం పడుతుంది? వాన వెలిసిందిగా."

"బయట వెలిసిందండి. మా ఇంట్లో వెలవడానికి ఇంకో పూట పడుతుంది."

"అబ్బా! మెడ మీద పడింది! ఇదేమిటి రాఘవమ్మా, కాఫీనీళ్ళలా ఉన్నాయి?"

"పొయ్యి పొగండీ. ఆకుకి పట్టిందంతా వానకి దిగుతోంది. ఇలా జరగండి. అక్కడా కాదు. ఆఁ, ఆ కుండకీ ఈ తప్పేలాకీ మధ్యన. ఇంక కదలకండి."

"కదలకుండా నిలబడటానికి వచ్చానా? మధుపర్కాలు ఎందాకా వచ్చాయో చూద్దామని వచ్చాను. ఏమయ్యా వెంకటప్పయ్యా, మా రామతులసి చీర అయిందా?"

"అయింది."

"పెళ్ళికొడుకు పంచె?"

"సగం."

"పోయినవారం వచ్చినప్పుడూ సగమే అన్నావు! శ్రావణం వస్తోందయ్యా."

"ఊఁ."

"ఊఁ ఏమిటి, ఊఁ?"

"ఆయన్నేం అడుగుతారండీ, నన్నడగండి. చినుకు పడితే నూలు నాడె విసరడం ఆపాలి. నేను గొడుగు పట్టుకుంటే ఆయన నేస్తాడు. నేను గొడుగు పట్టుకుంటే కండెలకి నూలు ఎవరు చుడతారు? కండెలకి కూచుంటే గొడుగు ఎవరు పడతారు? అన్నం ఎవరు వండుతారు?"

"బట్ట మీద పడలేదు కదా? తెల్లటి బట్టమ్మా అది!"

"ఇంకా పడలేదండి. నిన్న ఒకటి పడబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఇదిగో చూడండి చెయ్యి. తోమితే పోలేదు."

"మైలవరం వియ్యాలవారు వంకలు వెతికే రకం. పసుపు పెట్టిన అంచు పక్కన ఇలాంటి మరక కనపడిందంటే, పీటల మీంచి లేచిపోతారు."

"అదేగా మా భయం కూడాను."

"అయితే కప్పు బాగు చేయించుకోవచ్చుగా?"

"చేయించుకోవచ్చండి."

"మరి?"

"మరేముంది, మీరు చేయిస్తే చేయించుకుంటాం."

"అదుగో! గొడుగు చూడగానే అనుకున్నాను, ఇది నా నెత్తికే వస్తుందని. సహకార సంఘం ఉందిగా. అడక్కపోయారా?"

"అడిగామండి. సంఘం మగ్గానికి ఇస్తుందిట, మగ్గం మీద కప్పుకి ఇవ్వదుట. అయినా మీరు మా సంఘం వాళ్ళు కారుగా, భావనారాయణగారి మగ్గంగా, ఆయన్ని అడిగారా అన్నారు."

"పోనీ కరణంగారి చేత అర్జీ రాయించి..."

"రాయించామండి. ఇల్లు కాలిపోతే సర్కారు ఏదో ఇస్తుందిట. కురిస్తే ఇవ్వదుట. అగ్గిపుల్ల గీయమంటారా అనడిగాను. ఆయనకి కోపం వచ్చింది. వెళ్ళి భావనారాయణని అడగవమ్మా అన్నాడు."

"పక్కింటి తెరేసమ్మకి కొత్తాకు పడింది, వస్తూ చూశాను. అదెవరు వేయించారు?"

"వాళ్ళ ఫాదరుగారండి. పాపం నన్ను కూడా తీసికెళ్ళింది. మంచాయన, కుర్చీ వేశాడు. అంతా విన్నాడు. విని, మీ షావుకారుగారింట్లో పెళ్ళిటగా, ఆయన్ని అడిగారా అన్నాడు."

"అంటే ఊరంతా నా పేరే చెప్పారన్నమాట."

"మీకంత పేరుందండి."

"పేరుంటే ఆకు రాదమ్మా! యుద్ధం పోయినా సర్కారు కంట్రోలు పోలేదు. నూలు కోసం బెజవాడ తిరగలేక చస్తున్నాను. ఇప్పుడు తాటాకు ఎక్కడ దొరుకుతుంది?"

"మీ దొడ్లో ఉందండి."

"ఏమిటీ?"

"గొడ్లచావిడి పక్కన. కట్టలు కట్టి, పైన గడ్డి కప్పి."

"అది... అది గేదెలకమ్మా. చావిడి కప్పించాలి."

"నిజమేలెండి. గేదెలు తడిస్తే మరకలు పడతాయి."

"వెటకారమా?"

"అయ్యో, నాకు వెటకారం ఎక్కడిదండీ! ఆయన్నడగండి."

"ఏమయ్యా, మీ ఆవిడకి వెటకారం లేదూ?"

"నేను నేతలో ఉన్నానండి."

"ఇద్దరూ ఇద్దరే! ఇదిగో, మా అమ్మ ఇలాంటి ఇంట్లోనే ఇరవయ్యేళ్ళు మా నాన్న మగ్గానికి గొడుగు పట్టింది. ఎవర్నైనా సాయం అడిగిందా?"

"అడగలేదండి. అందుకే ఇరవయ్యేళ్ళు పట్టింది."

"నీతో మాట్లాడలేను. సరే, ఒక పని చేద్దాం. చీర అయిందన్నారుగా. అక్కడికి కోసి ఇచ్చెయ్యండి, పట్టుకుపోతాను. మిగతా పడుగు రత్తయ్యింటికి పంపుదాం. వాడిది పెంకుటిల్లు. పంచె వాడు నేస్తాడు."

"కోసి?"

"ఆఁ, కోసి."

"కత్తెరతోనా?"

"కత్తెరతో కాక పళ్ళతోనా?"

"రామ రామ! ఎంత మాటన్నారు అన్నయ్యగారూ! ఉండండి, గొడుగు జారిపోతోంది."

"ఇప్పుడు నేనేమన్నాను?"

"చీర ఆడపిల్లది, పంచె పెళ్ళికొడుకుది. రెండూ ఒకే పడుగు మీద ఉన్నాయి. పంచె కూడా అయ్యాక కదండీ రెంటినీ విడదీసేది! పంచె సగంలో ఉండగా కత్తెర పెడతారా ఎవరైనా?"

"పెడితే?"

"నా నోటితో చెప్పనండి."

"చెప్పమంటుంటే!"

"శుభమా అని పెళ్ళి పెట్టుకుని, చీర ఒక ఇంట్లో, పంచె ఒక ఇంట్లో. ఇంక మీరే ఊహించుకోండి."

"అంటే మా అమ్మాయి ఇక్కడ, అల్లుడు మైలవరంలో..."

"నేను అనలేదండీ. మీరే అన్నారు."

"ఇదెక్కడి శాస్త్రం? నేనూ నేత ఇంట్లో పుట్టినవాణ్ణే. ఎప్పుడూ వినలేదే!"

"మగాళ్ళు వినరండి. ఆడాళ్ళు చెప్పుకునేది."

"ఏమయ్యా వెంకటప్పయ్యా, నువ్వు విన్నావా?"

"నేనూ మగాణ్ణేనండి."

"హుఁ. ఉందేమోలే. చిన్నప్పుడెప్పుడో విన్నట్టే ఉంది కూడాను. పోనీ కొయ్యకుండా, మగ్గం మొత్తం ఎత్తి..."

"గుంట కూడా ఎత్తుకెళతారా అండీ?"

"సరే సరే! మగ్గం మీద మట్టుకు నాలుగాకులు వేయిస్తాను. చాలా?"

"నాలుగాకులు ఎక్కడ దోపుతారండీ? చూరు దగ్గర మొదలుపెట్టి ఒకదాని మీదొకటి పైన ఇంటికొప్పు దాకా పోవాలి. మధ్యలో అతుకేస్తే నీళ్ళు దాని కిందికి పోతాయి."

"అయితే కప్పుకి ఈ వైపు వాలు ఒక్కటీ."

"ఇటు కొత్తాకు, అటు పాతాకు. కొప్పు ఎలా కుదురుతుందండీ? గాలొస్తే లేచిపోతుంది. అప్పుడు మళ్ళీ మిమ్మల్నే అడగాలి."

"అంటే మొత్తం ఇల్లు."

"మీ నోట మంచి మాట వచ్చింది."

"నేనింకా అననేలేదు!"

"అన్నారండి. ఆయనా విన్నారు."

"నేను నే..."

"నువ్వు నేతలో ఉన్నావు, తెలుసులేవయ్యా!"

"కాదండి. ఒక మాట చెబుతాను. ఆకు మట్టుకు ఇప్పించండి, చాలు. కూలి మీరు పెట్టద్దు. నేనూ రత్తయ్యా ఎక్కి కప్పుకుంటాం."

"అబ్బో, మాట్లాడావే! సరే. నువ్వు నోరు విప్పి అడిగావు కాబట్టి ఆలోచిస్తాను. కానీ నేను వెర్రివాణ్ణేం కాదు. ఇంటికెళ్ళి మా అమ్మని అడుగుతాను. భద్రమ్మ అంటే ఈ వీధిలో పుట్టిన బిడ్డకి చెవులు కుట్టే దగ్గర్నుంచీ అన్నీ ఆవిడ చెప్పినట్టే. ఆవిడ అవునందా, సాయంత్రానికి ఆకు బండి మీ గుమ్మం ముందుంటుంది. కాదందా..."

"కాదంటే?"

"కత్తెర పట్టుకుని నేనే వస్తాను. చీర కోస్తాను, పడుగు కోస్తాను. ఇంక నా నూలు ఈ గుమ్మం తొక్కదు. నా కూతురి పెళ్ళి పేరు చెప్పి నన్ను భయపెట్టేవాళ్ళతో నాకు పని లేదు."

"అడగండి అన్నయ్యగారూ. తప్పకుండా అడగండి."

"అడుగుతాను."

"భోజనానికి కూచోకముందే అడగండి. మళ్ళీ మబ్బు పడుతోంది."

"వెళుతున్నాను. అబ్బా! మళ్ళీ మెడ మీదే!"

"చెప్పానుగా, కుండ పక్కనుంచి నడవమని!"

"చూడవే, వెళ్ళాడా?"

"మలుపు తిరిగాడు."

"గొడుగు దించు."

"ఎందుకు?"

"దించవే! నాడె విసరలేకపోతున్నాను. ఎంత పని చేశావే నువ్వు! మా నాన్న నేశాడు, మా తాత నేశాడు. మధుపర్కాలు ఎంతవరకు అయితే అంతవరకు కోశారు, ఇచ్చారు. ఎవరి కాపురమూ చెడలేదు. కత్తెర శాస్త్రం నేనెప్పుడూ వినలేదు."

"నేనూ మగాణ్ణేనండి అన్నావుగా, చక్కగా."

"నవ్వకే. మరేమనను? నిన్ను పట్టివ్వనా? ఆకు పోతే పోయింది. నూలు పోతోందే! ఈ కంట్రోలు రోజుల్లో ఇంకో షావుకారు మనకి నూలిస్తాడా? కురిసినా, కారినా, ఈ గుంటలో కూచుని ఇంత తింటున్నాం. రేపట్నించి అదీ లేదు."

"ఇవాళ చాలా మాటలొచ్చాయే నీకు."

"పరిగెత్తుకెళ్ళు. ఇల్లు చేరకముందే ఆయన్ని ఆపు. తప్పయిందన్నయ్యగారూ, వానకి విసుగెత్తి ఏదో అన్నాననుకో."

"నేను వెళ్ళను. గొడుగు ఎవరు పడతారు?"

"గొడుగు సంగతి కాదే! వాళ్ళమ్మని అడుగుతానన్నాడు, విన్నావా?"

"విన్నాను. అడగనీ."

"అడగనీ ఏమిటి? భద్రమ్మగారు అబద్ధం చెప్పే మనిషా? పైగా నేత ఇంటి కోడలు. ఆవిడకి తెలీని శాస్త్రం ఉందా? అలాంటిదేమీ లేదురా నాయనా అంటుంది."

"అనదు."

"ఎందుకనదు?"

"నిన్న కండెల నూలుకి వెళితే నన్ను దొడ్లోకి తీసికెళ్ళి, గడ్డి ఎత్తి ఆకు చూపించింది ఎవరనుకున్నావయ్యా? మావాడు పుణ్యానికి ఇవ్వడే రాఘవమ్మా, భయానికి ఇస్తాడు అని, ఆ కత్తెర మాటంతా నాచేత అప్పజెప్పించుకుని మరీ పంపింది భద్రమ్మగారే."