సూది బెజ్జాలు

రొమ్ము క్యాన్సర్‌ను దాటి వచ్చిన ఆడవాళ్లు, చిత్రకారులు బొమ్మలు వేసిన బట్టలు కట్టుకుని మర్నాడు వేదిక మీద నడవబోతున్నారు. వాళ్లలో ఒకావిడ పోయిన వారమే కన్నుమూసింది. ఆస్పత్రిలో ఆవిడ పక్క మంచం మీద ఉండి కోలుకున్న పిల్ల, ఆవిడ పట్టు గౌను తనే వేసుకుంటానని వచ్చింది. అది ఒంటికి పట్టలేదు. దర్జీ దాన్ని తిరగేసింది.

“ఒకే చోట ఇన్ని కుట్లేంటి పిన్నీ?”

“కొలతకి వచ్చినప్పుడల్లా ఒకటి లోపలికి వేశాను. వచ్చిన ప్రతిసారీ అరంగుళం చిక్కిపోయేది. మొత్తం నాలుగుసార్లు వచ్చింది.”

“అక్కేమంది?”

“‘గుడ్డ మాత్రం కత్తిరించకు, నేను ఒళ్లు చేశాక విప్పుదువుగాని’ అంది.”

“అయితే ఇప్పుడు విప్పు.”

దర్జీ మూడు కుట్లు విప్పింది. మొట్టమొదటి కుట్టు దగ్గర గౌను పిల్లకి అతికినట్టు సరిపోయింది, ఎడమ రొమ్ము ఉండాల్సిన చోట చదునుగా కుట్టిన భాగంతో సహా.

“ఈ చుక్కలేంటి?”

“సూది బెజ్జాలు. పట్టు మీద పడితే పోవు. దీపాల వెలుగులో మూడు వరసలూ కనిపిస్తాయి. పూసలు కుట్టి కప్పేస్తాలే.”

“వద్దు.”

“బాగుండదే!”

“బాగుండకపోతే పోనీ. అక్క ఎంత తగ్గిపోయిందో అందరూ చూడనీ.”

దర్జీ పూసల డబ్బా మూసి, కత్తెర అందుకుంది.

“లోపల ఇంకా అరంగుళం గుడ్డ మిగిలింది. తీసేయనా?”

పిల్ల అద్దంలో చూసుకుంది.

“కత్తిరించకు పిన్నీ. నేను ఒళ్లు చేశాక విప్పుదువుగాని.”

దర్జీ కత్తెర కింద పెట్టింది.