ఆఖర్న అడగాల్సింది

నైజర్ నది ఒడ్డున గాయా ఊరు, వంతెన మూసేసిన కాలం. తెల్లవారింది. ఉల్లి మండీ హమానీ ఇంటి వాకిట్లో అతని మేనత్త కొడుకు కింబా నిలబడి ఉన్నాడు. అవతలి ఒడ్డు, పొరుగు దేశపు మలాన్‌విల్ నుంచి వచ్చాడు. హమానీ భార్య రమాతు పొయ్యి దగ్గరుంది. అక్కడ బావలు కలిస్తే ఒకరినొకరు బానిసా అని వెక్కిరించుకోవడం ఆచారం.

"...అందుకే అంటున్నా, నా గడప తొక్కే ముందు కాళ్ళు కడుక్కో. మా నాన్న నిన్ను సంతలో కొన్నప్పుడు ఆ మాత్రం నేర్పలేదా, బానిసా?"

"కడుక్కుంటాను."

"కడుక్కుంటాడట. రమాతూ, విన్నావా? కింబా బావ ఎదురు మాట లేకుండా కాళ్ళు కడుక్కుంటాడట. సూర్యుడు ఇవాళ ఏ దిక్కున పొడిచాడో కాస్త చూసి చెప్పు."

"వచ్చిన మనిషిని ముందు కూర్చోనివ్వండి. రా అన్నయ్యా. మోకాళ్ళ దాకా ఆ బురదేంటి?"

"రేవులో దిగలేదు చెల్లెమ్మా. కింద తుంగలో దిగి నడిచొచ్చాను. రేవులో తుపాకులున్నాయి."

"దొంగ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఇదిగో కింబా, నేనిప్పుడు ఎవరనుకున్నావు? ఊరి తరఫున సభలో మాట్లాడే పెద్దమనిషిని. నా ఇంటికే దొంగదారిన వస్తావా?"

"తెలుసు బావా. గురువారం రేడియోలో విన్నాను."

"విన్నావా? అవతలికి కూడా వినపడిందా?"

"వంతెనకి గేటు వేశారు గానీ గాలికి వెయ్యలేదు కదా."

"ఎలా మాట్లాడాను? నిజం చెప్పు. చప్పట్లు విన్నావా?"

"విన్నాను."

"విన్నాను, విన్నాను. నాలుక పడవలో మరిచిపోయొచ్చావా? ఉల్లిపొట్టు మొహంగాడా అను. ఈ ఇల్లు నాది, నువ్వు కాపలావాడివి అను. వచ్చీ రాగానే నా కోళ్ళ గూడు వైపు చూసే మనిషివి, ఇవాళ అటు తలే తిప్పలేదు."

"అలిసిపోయాను బావా."

"అన్నయ్యా, ఇంద. సజ్జ అంబలి. పాలు ఎక్కువే పోశాను. మీ అమ్మకెలా ఉంది?"

"అమ్మ..."

"తాగనివ్వవే ముందు. ఏరు ఈదినంత పని చేసి వచ్చాడు. అత్త సంగతి నింపాదిగా మాట్లాడుకుందాం. ఇంకాసేపట్లో ఆఖరి సభ. అసలు లోపల ఏం జరిగిందో రేడియోవాడు సగమే చెప్పుంటాడు, నేను చెప్తా విను."

"చెప్పు."

"పొరుగు దేశాల కూటమిలోంచి మన దేశం బయటికొచ్చేసింది. సరే. ఇప్పుడు మనవాళ్ళు వెళ్ళి వాళ్ళతో బేరానికి కూర్చోవాలి. ఏది ముందు అడగాలి, ఏది విడిచిపెట్టాలి, మీరు చెప్పండని సరిహద్దు ఊళ్ళని అడిగారు. మన హాల్లో ఈగ దూరే సందు లేదు. కుర్రకారేమో అసలేమీ అడగొద్దంటారు. తలుపు విసిరికొట్టి వచ్చాక మళ్ళీ అదే తలుపు తట్టడం సిగ్గుచేటంటారు. బియ్యం వర్తకులేమో ఓడరేవు కావాలి, లారీలు కదలాలి, మాకింకేం వద్దంటారు. అప్పుడు సాందా మేష్టారు లేచి..."

"మనుషుల మాట ముందు అడగమన్నాడు."

"అదీ విన్నావూ?"

"పెళ్ళికీ చావుకీ జబ్బుకీ ఏరు దాటనివ్వమని అన్నిటికంటే ముందు అడగండి, లారీలు ఎప్పుడైనా కదులుతాయన్నాడు. అప్పుడు నువ్వు లేచావు."

"లేవకపోతే? ఆయన పాఠం చెప్పినట్టు బేరం చెప్తున్నాడు. సంతకెళ్ళి, నీకు కావాల్సిన మేక మెడ మీద ముందే చెయ్యి వేశావనుకో. ఏమవుతుంది?"

"ధర పెరుగుతుంది."

"పెరుగుతుందా లేదా? మన ప్రాణం మనుషుల దగ్గరుందని వాళ్ళకి తెలిస్తే అక్కడే గొంతు పట్టుకుంటారు. అందుకే పక్క మేకని చూడాలి. దాని పళ్ళు చూడాలి. పెదవి విరవాలి. వద్దని నాలుగడుగులు నడవాలి. ఇంక పోతూ పోతూ, పోనీ ఆ బక్కదాన్ని కూడా తోలెయ్యవయ్యా అనాలి. మనుషుల మాట ఆఖర్న పెట్టండన్నాను. వద్దనలేదు నేను, ఆఖర్న అన్నాను. హాలు హాలంతా లేచి నిలబడింది. మేష్టారు కూడా కూర్చుండిపోయాడు."

"అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆఖరి మాట వచ్చేదాకా అవతలివాళ్ళు కూర్చుని ఉంటారా, లేచి పోరా అని నేను ఆ రాత్రే అన్నాను, అన్నయ్యా."

"నువ్వు ఎన్నడు మేకని కొన్నావే? ఈ విద్య నాకు ఎవరు నేర్పారో బావని అడుగు. చెప్పు కింబా, ఎవరు?"

"మా అమ్మ."

"గంబీనా అత్త. మా అమ్మ పోయాక నన్ను వీపుకి కట్టుకుని మీ సంతంతా తిరిగింది. పైపంచెకి చెయ్యి తుడుచుకుంటూ, అక్కర్లేనట్టు, ఆవలిస్తూ బేరమాడేది. ఆవిడ పాలు తాగి పెరిగినవాణ్ణి, సాందా మేష్టారి దగ్గరా నేను నేర్చుకునేది?"

"ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు బావా. మీవాళ్ళు దాటకముందే తగలేశారు. ఇప్పుడు ఒడ్డున కూర్చుని తెప్ప కొనే బేరం ఎలా ఆడాలా అని చర్చ పెట్టుకున్నారు."

"హమ్మయ్య. ఇప్పుడు మాట్లాడావు మనిషిలా. ఇంకో రెండు అను."

"అంతే. ఇంకేం లేవు."

"అంబలి తాగవేం?"

"తాగుతాను చెల్లెమ్మా."

"ఏమండీ, ఆవిడ మంచాన పడి కబురు మీద కబురు పెట్టింది కదా, వానలు తగ్గినప్పట్నుంచీ. ఒక్కసారి వచ్చి కనపడి పొమ్మని. మీరు ఆ సభ అయ్యాక, ఈ సభ అయ్యాక అని..."

"ఎలా వెళ్ళను? నువ్వే చెప్పు. పగలు ఊరి తరఫున మాట్లాడేవాడు రాత్రి దొంగ పడవెక్కి అవతలికి పోయాడని తెలిస్తే కుర్రాళ్ళు నన్ను బతకనిస్తారా? అమ్ముడుపోయాడంటారు. నా మాటకి విలువుంటుందా? విలువ లేకపోతే అత్తకి గేటు ఎవరు తీయిస్తారు?"

"పోనీ ఆవిడనే ఎలాగో తీసుకొస్తే అయిపోయేది."

"తీసుకొచ్చాను చెల్లెమ్మా."

"ఏంటి?"

"గురువారం సభకి ముందు వారం. పుట్టింటికి తీసుకుపోరా, నా తమ్ముడి వాకిట్లో పడుకుంటాను అని ఒకటే పోరు. కూర్చోలేదు కదా, పడవలో పరుపు వేసి పడుకోబెట్టాం. అలాంటి మనిషిని తుంగలో దింపలేం. రేవుకే తేవాలి. తెచ్చాం. తుపాకులవాళ్ళు దిగనివ్వలేదు. ముసలమ్మని చూసి వాళ్ళకీ జాలేసింది గానీ, పైనుంచి మాట లేదన్నారు."

"నాకు... నాకెందుకు ఫోను చెయ్యలేదురా? రేవు నా ఇంటికెంత దూరం? పరిగెత్తుకుంటూ వచ్చేవాణ్ణి కదా."

"చేస్తానంటే అమ్మ వద్దంది. వాడిప్పుడు పెద్దమనిషి, నలుగురిలో వాడికి తలవంపులు తేవద్దంది. తల కొంచెం ఎత్తమంటే ఎత్తాను. మీ మసీదు సున్నం కనపడుతోందిరా అంది. చాలాసేపు చూసింది. ఇంక పద అంది."

"ఏమండీ."

"ఉండవే. కింబా. గురువారం నేను మాట్లాడింది అత్త కూడా విందా?"

"దిండు ఎత్తు పెట్టించుకుని మరీ వింది. ఇరుగుపొరుగు వాళ్ళని పిలిపించింది."

"కోప్పడిందా?"

"నవ్వింది బావా. నువ్వా మేక మాట అన్నావు చూడు, అప్పుడు గట్టిగా నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. చూశారా నా మేనల్లుణ్ణి, మెడ మీద చెయ్యి వెయ్యలేదు, బాగా ఆడుతున్నాడు, అంది."

"చూశావా రమాతూ? చూశావా? ఆవిడకి తెలుసు. ఆవిడ ఒక్కదానికే తెలుసు నేను ఎందుకలా అన్నానో."

"తెలుసు. అందుకే అంది, అయితే ఇంకా చాలాసేపు పడుతుంది, అని."

"అంటే?"

"నన్ను ఆఖర్న పెట్టాడు కదరా, మరి అంతవరకూ ఆగాలి కదా, అంది. దిండు తీసెయ్యమంది. పడుకుంటానంది."

"పడుకుని?"

"పడుకుంది."

"కింబా. పడుకుని ఏమైంది?"

"శుక్రవారం తెల్లారి నమాజుకి పిలవబోయే ముందు. నేను పక్కనే ఉన్నాను."

"అల్లా. అయ్యో నా తల్లీ."

"ఊరుకోవే. వీడి మాటలు నమ్ముతావా? బావలు ఎన్నడైనా నిజం చెప్పుకున్నారా? పోయినేడు ఇలాగే వచ్చి నా మండీ కాలిపోతోందన్నాడు, చెప్పులు లేకుండా పరిగెత్తించాడు. ఒరే కింబా, దేనికైనా హద్దుంటుంది. అత్త మీద హాస్యమేంట్రా?"

"హాస్యం కాదు బావా."

"కాదా?"

"కాదు."

"నా మొహం చూసి చెప్పు."

"చూస్తూనే ఉన్నాను. వచ్చినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను."

"...ఎక్కడ పెట్టారు?"

"మా వైపే. ఏటి గట్టు మీద. ఇటు కనపడేలా పెట్టమన్నాను. మామ గోరీ పక్కన పెడతానని అమ్మకి మాటిచ్చాను గానీ, ఎలా తేను?"

"ఏమండీ, కూర్చోండి."

"నేనే చంపాను. నేనే కదూ? చప్పట్ల కోసం. నిజం చెప్పనా కింబా, మేష్టారు మాట్లాడుతున్నప్పుడు నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అవును, ముందు అదే అడగండి అందామనే లేచాను. లేచి చూస్తే హాలంతా నా వంకే చూస్తోంది. పెద్ద బేరగాడు, ఏదో చెప్తాడని. నోట్లోంచి మేక వచ్చింది."

"అలా అనకు."

"ఎలా అనకూడదు? ఆవిడ ఆగింది. నా బేరం తెగేదాకా ఆగుదామనుకుంది. ఫోనన్నా చెయ్యొచ్చు కదరా అదే రోజు. ఎలాగైనా వచ్చేవాణ్ణి. పడవ లేకపోతే ఈదేవాణ్ణి."

"ఫోనులో చెప్తే ఏడ్చేవాడివి."

"ఏడవనా మరి?"

"ఏడ్చేవాళ్ళు మా ఇంట్లో చాలామంది ఉన్నారు బావా."

"ఏమండీ, మైకు మొదలైంది. సభ నుంచి పిలుస్తున్నారు. ఒంట్లో బాలేదని కబురు పంపనా?"

"వద్దు. వెళ్తాను. ఇవాళ వెళ్తాను. అందరి ముందూ నిలబడి చెప్తాను, గురువారం నేనన్నది తప్పు, మేష్టారి మాటే మాట, మనుషుల సంగతి తేలేదాకా లారీల ఊసే ఎత్తొద్దని. వినకపోతే ఆ బల్లల మీద పడుకుంటాను. పద కింబా, నువ్వూ రా. అందుకే కదా వచ్చావు? పద, నీ నోటితో నువ్వే చెప్పు వాళ్ళకి."

"చెప్పు బావా. తప్పకుండా చెప్పు. మా ఒడ్డున ఇంకా చాలామంది అమ్మలు దిండ్లు ఎత్తు పెట్టించుకుని వింటున్నారు. కానీ నేను దానికి రాలేదు."

"మరి? నన్ను తన్నడానికా? తన్ను. నేనేమీ అనను. రమాతూ, అడ్డు రాకు."

"మామ పోయినప్పుడు నేనేం చేశాను, గుర్తుందా?"

"అదెందుకు ఇప్పుడు?"

"చెప్పు."

"మా నాన్నలా కుంటుకుంటూ వాకిలంతా తిరిగావు. ఆయన దగ్గు దగ్గావు. గొయ్యి తవ్వుతుంటే అందులో దిగి పడుకుని, కోడిని కోసి పెడితేగానీ లేవను, ముసలాణ్ణి వేరే చోట పెట్టుకోండన్నావు. నిన్ను కాళ్ళు పట్టుకుని లాగారు."

"నువ్వేం చేశావు?"

"నవ్వాను. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను."

"నవ్వాక రమాతు చెల్లెమ్మ పెట్టిన ముద్ద తిన్నావు. అంతవరకూ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చావింటికి బావ రావాలి కదా. వచ్చి వెక్కిరించాలి. నాకు బావలైనవాళ్ళందరూ ఈ ఒడ్డునే ఉన్నారు. మా అమ్మ గోతిలో ఎవరూ దిగి పడుకోలేదు. ఆమెలా ఆవలించి చూపించినవాడు లేడు. నన్ను బానిసా అని పిలిచినవాడు లేడు. అందరూ నా చెయ్యి పట్టుకుని మంచి మాటలే చెప్తున్నారు బావా, నాకు ఊపిరాడట్లేదు."

"ఇందాక తిట్టాను కదరా. వాకిట్లోకి రాగానే."

"ఇందాక తెలియక తిట్టావు. తెలిసి తిట్టు."

"నా వల్ల కాదు కింబా. నన్ను పెంచిన మనిషిరా. నోరు రాదు."

"నాకు మాత్రం ఆవేళ వచ్చిందా? మా మామ కాదూ ఆయన? గోతిలో పడుకుని మట్టి కొరుక్కుంటూ ఏడ్చాను, మీకెవరికీ కనపడలేదు. కానివ్వు. తిట్టు బావా. ఒక్కసారి నవ్వితే, ఈ అంబలి తాగి ఇంటికి పోతాను."