వరూధినిగారి సంతాపసభ

హలో… ఆ, నేనేప్పా. వరూధినిని… ఏందట్ల కేకేస్తివి?… దయ్యం కాదు, బతికే ఉండాను.

ఎవరు నువ్వు?… మునీంద్ర… తెలుగు సంఘం సెక్రెటరీనా. ఊఁ. కె.ఆర్.పురం స్టేషన్ కాడ నా ఫోటోకు దండేసి, సంతాపసభ అని ఫ్లెక్సీ కట్టింది మీరేనా?… పూలమ్మే పుల్లమ్మ అది చూసొచ్చి, వాకిట్లో నన్ను చూసి గంప ఆడనే పడేసి పరిగెత్తె!

…

వద్దులే, క్షమాపణలేం వద్దు. సీరియళ్లు రాసేవాళ్లు పోయినారంటే నేననుకుంటిరా? పోయింది మా ఇంటాయనప్పా. పోయిన నెల.

లేదు, నేను ఒక్క ముక్క రాయలా. ఆ నలభై సీరియళ్లూ ఆయనవే. పేరు ఒకటే నాది… ఎందుకంటే? అప్పుడు వారపత్రికల్లో ఆడోళ్ల పేరుంటేనే చదువుతాండిరి. 'నీ పేరు నడవదు, మీ ఇంటామె పేరు పెట్టు' అన్నాడంట ఎడిటరు. పెండ్లయి మూడు నెలలు. నాకు చెప్పను గూడా చెప్పలా!

ఆ… ఫోటో గూడా నాదే ఇచ్చినాడు.

…

ఆయనకేం కష్టం? కష్టమంతా నాది! ఆయన కథలో కోడలు ఏడిస్తే, మార్కెట్లో జనం నన్ను నిలేస్తారు. 'జ్యోతిని ఎందుకు చంపితివమ్మా' అని ఒకామె అనంతపురం నుంచి బస్సెక్కి వచ్చి, నన్ను పట్టుకోని ఒకటే ఏడుపు. జ్యోతి ఎవరో నాకేం తెలుసు? నేనూ ఏడిస్తి. ఆయన వంటింట్లో కాఫీ కలుపుతా అంతా విని… పై వారమే జ్యోతిని బతికిచ్చినాడు.

…

లేదప్పా. సొంత పేరుతో ఒక్కటీ అచ్చు కాలా. జీవితమంతా రాసే పనే, ఇంకో కొలువు లేదు. ఆస్పత్రిలో అన్నాడు, 'ఒక్కతూరి నా పేరు అచ్చులో చూసుకోవాలనుండె వరూ' అని…

బాధే. చానా బాధ.

అందుకే ఆ ఫ్లెక్సీ మార్చు. ఆయన పేరు వెయ్యి.

ఏమంటివి?… ఎవరికీ తెలీని పేరుకు హాలు నిండదా?… నువ్వూ ఆ ఎడిటరు మాదిరే మాట్లాడతాండావే!

…

సరే, విను. నా పేరు అట్లే ఉండనీ. దండా ఉండనీ. జనం రానీ. అందరూ కూర్చున్నంక నేను స్టేజీ ఎక్కుతా… ఊఁ, సోడాలు తెప్పిచ్చి పెట్టుకో, ఎవరన్నా పడిపోతారు. అప్పుడు ఇంకో ఫ్లెక్సీ దించండి. ఆయన పేరు, పెద్ద అక్షరాలు.

…

ఏం పేరా?

…

అదీ… ఇంటాయన పేరు నోటితో ఎట్ల చెప్పేదప్పా? యాభై ఏండ్లలో ఒక్కతూరి పలకలా… తిరువనంతపురంలో పండుకోనుండే సామి పేరు… రంగనాథం కాదు, ఆయన పండుకునేది శ్రీరంగంలో!… బొడ్డులో తామరపువ్వు… కమలాకరా? నా ఖర్మ!… వాట్సాప్‌లో పెట్టాల్నా? అది నాకు రాదు.

…

వద్దు. పక్కింటోళ్లను అడగొద్దు… ఉండు.

…

నా పేరు ఆయన నలభై సీరియళ్లకు రాసినాడు. నేను ఒక్కతూరి పలకలేనా?

పెన్ను తీసుకో.

పద్మనాభం.

…రాస్తివా? ఏదీ, చదువు… గట్టిగా చదువప్పా.

…

ఆఁ. ఆయనే. పెట్టేస్తాండా.