సోమలింగం గారు నిలబెట్టిన లైను

1993 జూన్ పద్నాలుగో తేదీన సూరత్ రింగ్ రోడ్‌లోని మన చీరల టోకు కార్యాలయంలో బిల్లులు రాసే గుమాస్తాగా చేరిన శ్రీ సోమలింగం గారు, ఈ 2021 నవంబరు నెలాఖరున కంప్యూటర్ విభాగ బాధ్యులుగా పదవీ విరమణ చేస్తున్నారు. కరీంనగర్ ప్రాంతం నుంచి మగ్గాల పనికి సూరత్ చేరిన కుటుంబంలో పుట్టి, పవర్‌లూమ్‌ల హోరులోనే చదువు ముగించిన ఆ పెద్దమనిషి లేని కార్యాలయాన్ని ఊహించుకోవడం మన తరమా!

కంప్యూటర్లు వచ్చిన కొత్తలో వాటి జోలికి వెళ్లడానికి అందరూ జంకితే, ఆయన సెలవు రోజుల్లో వచ్చి కూర్చుని నేర్చుకున్నారు. తరువాత నెట్ వచ్చింది, దాని కాపలా కూడా ఆయన నెత్తినే పడింది. ఏ కంప్యూటరు, ఎవరి ఫోను ఎంత నెట్ వాడుతున్నదీ ఆయన తెర మీద గీతలుగా కనిపించేది. దొంగచాటుగా క్రికెట్ చూసేవారికి ఆయన చెప్పుల చప్పుడంటే హడలు. అయితే, మనిషిని చూడకుండా ఎవరి లైనూ కోయకపోవడం ఆయన నియమం. మెట్లు దిగి వెళ్లి, "ఏందయ్యా, ఆఫీసు నెట్టంత నువ్వే మింగుతున్నవా?" అని అడిగాకే కోసేవారు. కూర్చున్నచోటే మీట నొక్కితే పోయేదానికి ఈ తిరుగుడెందుకని అందరూ నవ్వుకునేవారు.

2020 వానాకాలం ఎవరు మరువగలరు? లాక్‌డౌన్ సడలి మార్కెట్ తెరిచారు గానీ కొనేవారు రాలేదు, ఊళ్లకు రైళ్లూ లేవు. చీరలన్నీ వీడియోలోనే చూపించవలసి వచ్చేది. ఒక ఉదయం మన యజమాని సేఠ్ గారు ఢిల్లీ వర్తకులకు పండుగ చీరలు చూపబోతూ, "ఈ పూట నెట్ ఆగితే నీ కొలువూ ఆగినట్టే" అని సోమలింగం గారితో తేల్చి చెప్పారు. చూపడం మొదలైందో లేదో బొమ్మ తడబడింది. గోదాములోని ఒక ఫోను తెగిన వీడియోను మళ్లీ మళ్లీ కలుపుతున్నట్టు తెర మీద కనిపించింది. కొలువు మీదికి వచ్చినా ఆయన అలవాటు మానలేదు, గబగబా మెట్లు దిగారు.

చీరల మూటల వెనుక, హమాలీ కనకయ్య ఫోను మళ్లీ మళ్లీ నొక్కుతున్నాడు.

"సారూ, జర కొయ్యకుండ్రి. మా అవ్వ పోయింది. దింపుడు కళ్లం కాడ దింపిండ్రు. పెద్దకొడుకును, చెవుల నేనే పిలువాలె. లైను నిలుస్తలేదు."

శ్మశానం దారిలో పాడె దించి, పోయినవారిని చెవిలో చివరిసారి పిలిచే ఆ ఘడియ మళ్లీ రాదని సోమలింగం గారికి తెలుసు. మళ్లీ పైకి పరుగెత్తి, ఆ ఒక్క ఫోను తప్ప కార్యాలయం లైన్లన్నీ కోసేశారు, సేఠ్ గారి లైనుతో సహా.

ఊళ్లో తమ్ముడు తల్లి చెవి దగ్గర ఫోను పెట్టాడు. "అవ్వా! అవ్వా! ఓ అవ్వా!" గోదామంతా ఏడ్చింది. కోపంతో దిగివచ్చిన సేఠ్ గారు ఆ పిలుపు విని, చెప్పులు విడిచి గోడవారగా నిలబడిపోయారు. ఆ ఆర్డరు వేరే మార్కెట్‌కు తరలిపోయింది. సేఠ్ గారు కొలువు మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

సహధర్మచారిణి శ్రీమతి భూదేవి గారితో సోమలింగం గారి శేష జీవితం ఆరోగ్యంగా, నిశ్చింతగా సాగాలని మనసారా కోరుకుంటున్నాము. మన పత్రిక ఈ సంచికకు నీ మాట కూడా చెప్పమంటే కనకయ్య ఇలా అన్నాడు:

"కొడుకు రాలేదని మా అవ్వ అనుకోకుంట చేసిండు. సారు నూరేండ్లు సల్లగుండాలె."