పదకొండంగుళాల జబ్బ

అరవై ఎనిమిదో ఏట దండీలు మొదలుపెట్టిన టైలరుని మీరెక్కడైనా చూశారా? నన్ను చూడండి. మా ఆవిడకి ఓ పక్క కాలూ చెయ్యీ పడిపోయాక, ఆమెని మంచం మీంచి కుర్చీలోకి నేనొక్కణ్ణే ఎత్తగలిగితే సరే, లేదంటే అక్కని తనింటికి తీసుకుపోతానని మా బామ్మర్ది మూడు నెలలు గడువిచ్చాడు. ఆ గడువు ఇవాళ్టితో సరి. అదిగో, ఈ టీకొట్టు బల్ల చివర కూర్చున్నాడే, అతనే. వినాలనే గట్టిగా చెబుతున్నాను.

మొదటిరోజు గోడకి చేతులానించి పది తీశాను, పదంటే పదే, అబద్ధమైతే నా కత్తెర తుప్పు పట్టిపోవాలి. వారం తిరిగేసరికి వంద. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటాయన వచ్చి, మాస్టారూ, మీ తోపుకి మా వంటగది జానెడు ఇరుకైంది, ఇంకో గోడ చూసుకోండని బతిమాలాడు.

"ఆ ఇల్లు ఖాళీ అయి ఏడాదైందిగా," అన్నాడు సెలూనాయన.

ఇరుకైతే ఖాళీ చెయ్యడూ? సరేనని నేలమీదికి దిగాను. నేను లేవడం కాదయ్యా, భూమే కిందికి దిగేది. మొన్న ఈ కొట్లో గ్లాసులు గలగలమంటే లారీ అనుకున్నారు మీరు! ఇక బస్టాపు కమ్మీ పట్టుకుని ఒళ్లు పైకి లాగానా, బస్టాపే నాలుగడుగులు దిగబడింది. బస్సు అందులో ఇరుక్కుంది. డ్రైవరు ఏడుపుముఖం పెడితే జాలేసి, ఆ బస్సుని రెండు చేతులా ఎత్తి...

ఎవరూ నవ్వలేదు. సరే, అవన్నీ పక్కనపెట్టండి, ఇది మాత్రం నిజం. మొదటిరోజు నా జబ్బ మా బామ్మర్దే కొలిచాడు, తొమ్మిదిన్నర. ఇవాళ పొద్దున నేను కొలుచుకున్నాను, పదకొండంగుళాలు.

అతను లేచి వచ్చాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. నా మెడలో టేపు తీసి జబ్బకి చుట్టి, బిగించి చూశాడు.

"తొమ్మిదిన్నరే, బావా. అలవాటుకొద్దీ చొక్కాకి కలిపినట్టు లూజు కలిపి కొలిచావు."

నేను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

"పొద్దున నువ్వు ఎత్తబోతే ఇద్దరూ జారి కిందపడ్డారట. నేనొచ్చేదాకా గంటసేపు నేలమీదే ఉన్నారట. అక్క చెప్పింది," అన్నాడు మెల్లగా. "అక్కని తీసుకెళ్లడానికి బండి వచ్చింది. కాళ్లవైపు నువ్వు పట్టుకో, చాలు."

టేపు మడిచి నా జేబులో పెట్టాడు. నేను లేవబోతుంటే సెలూనాయన, పాపం, నా మొహం చూడలేక అడిగాడు.

"మరి ఆ బస్సు ఏం చేశారు మాస్టారూ?"

"దించేశాను," అన్నాను.